మీ బన్నీ పళ్ల మీద ఉన్నది ఫ్లోరైడ్ కాదు, గార

చండూరు దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన దానికి జవాబు ఇది. వాళ్ల ఇంట్లో ఆరేళ్ల పామరేనియన్ ఉంది, పేరు బన్నీ. దగ్గరికొస్తే నోరు కంపు కొడుతోంది, వెనక పళ్లు గోధుమ రంగుకు తిరిగాయి, రొట్టె ముక్క వేస్తే ఒకవైపే నములుతోంది. ఊళ్లో అందరూ "మన నీళ్లే అంత, మనుషులకే తప్పలేదు, కుక్కకేం తప్పుతుంది" అంటున్నారట. నల్లగొండలో చూపిస్తే మత్తు ఇచ్చి పళ్లు క్లీన్ చేయాలన్నారు. అమ్మేమో మత్తిస్తే మళ్లీ లేవదేమో అని వద్దంటోంది. ఈలోపు ఉప్పు, బొగ్గుపొడి పెట్టి రుద్దొచ్చా అని ప్రశ్న.

రుద్దకు తమ్ముడూ. ఎందుకో చెప్తా, కాస్త పొడుగవుతుంది.

ముందు ఈ ఫ్లోరైడ్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మన వైపు పంటికి ఏమొచ్చినా దాని మీదకే నెట్టేస్తారు. అలా అనుకోవడంలో తప్పు లేదు, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ఊళ్లు తరాలుగా పడ్డ బాధ అది. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేందుకు నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) కనిపెట్టిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పడిందంటే మన జిల్లా ఏ విషయంలో పేరు మోసిందో చూడు. కానీ ఫ్లోరైడ్ పంటికి మచ్చ పెట్టేది పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే, బయటికి వచ్చాక కాదు. కుక్కకు శాశ్వత పళ్ల పైపూత, అదే ఎనామిల్, పుట్టిన తొలి మూడు నాలుగు నెలల్లోనే తయారైపోతుంది. అందులో సగం రోజులు అది తల్లిపాల మీదే ఉంటుంది, పాలల్లో ఫ్లోరైడ్ చాలా తక్కువ. గేదెలకు, ఎద్దులకు అలా కాదు, వాటి ముందరి శాశ్వత పళ్లు రెండేళ్ల ఈడు నుంచి జత తర్వాత జతగా నాలుగైదేళ్ల దాకా వస్తూనే ఉంటాయి, అంటే బోరు నీళ్లు తాగే కాలంలోనే లోపల పళ్లు తయారవుతాయి. అందుకే ఆ ఊళ్లలో పశువు కింది పెదవి దించితే గుంటలు, గోధుమ చారలు కనిపిస్తాయి, కుక్కల్లో అంతగా కనిపించవు.

నీ కళ్లతోనే తేల్చుకోవచ్చు. ఫ్లోరైడ్ మచ్చ అయితే ఆ పన్ను మొలిచినప్పటి నుంచీ ఉంటుంది, రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది, సున్నపు తెలుపో గోధుమో చారలుగా పంటిలోనే కలిసిపోయి ఉంటుంది, గోటితో గీరినా రాదు, కంపు కొట్టదు. బన్నీకి ఉన్నది చిగురు అంచున మొదలై కిందికి పాకిన పెంకు, అదీ వెనక పళ్లకే ఎక్కువ, కంపుతో సహా. అది గార. అయినా ఇంట్లో మీరు ఏ నీళ్లు తాగుతున్నారో దానికీ అవే పెట్టండి, మీకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు, దానికి బోరు నీళ్లు అని వేరు చేయకండి. ఇంకోమాట, నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు చాలామంది. పోదు, నీరు ఆవిరై తగ్గిన కొద్దీ చిక్కబడుతుంది.

ఇక గార ఎలా పడుతుందో చూడు. తిన్న కొన్ని గంటలకే పంటి మీద మెత్తటి పాచి చేరుతుంది, వేలితో తుడిస్తే పోయేంత మెత్తగా. దాన్ని అలాగే వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం పట్టుకొని రెండు మూడు రోజుల్లో గట్టిపడి గార అవుతుంది, ఇక అది బ్రష్షుకు లొంగదు. కుక్క లాలాజలం మనకంటే క్షారగుణం ఎక్కువది, అందుకే వాటికి మనలా పళ్లు పుచ్చడం అరుదు, గార మాత్రం త్వరగా పడుతుంది. పై దవడలో పెద్ద నమిలే పన్ను ఉంటుంది, దానికి ఎదురుగానే చెంపలోంచి లాలాజలం గొట్టం తెరుచుకుంటుంది, కాబట్టి గార మొదట అక్కడే కనిపిస్తుంది. నువ్వు రాసిందీ ఆ పన్ను గురించే.

పసుపు పచ్చగా కనిపించే గార చూడ్డానికి బాగుండదు గానీ అసలు నష్టం చిగురు కింద జరుగుతుంది. గార కిందికి దిగుతుంది, చిగురు ఎర్రబడి వాచి పంటిని వదిలేస్తుంది, ఆ సందులో చీము, దాని కింద ఎముక కరుగుతుంది. మూడేళ్లు దాటిన కుక్కల్లో ఎక్కువ వాటికి ఏదో ఒక స్థాయిలో ఈ చిగుళ్ల జబ్బు మొదలయ్యే ఉంటుంది. బన్నీ లాంటి చిన్న జాతులకు ఇంకా ముందే వస్తుంది, ఎందుకంటే చిన్న దవడలో అవే 42 పళ్లు ఇరుక్కోవాలి. (అన్నట్టు మన దగ్గర పామరేనియన్ అని పిలిచేవాటిలో ఎక్కువ భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లు, అయినా సమస్య ఒకటే.) వీటికి కింది దవడ ఎముక సన్నగా ఉంటుంది. జబ్బు ముదిరిన కుక్క మంచం మీది నుంచి దూకితేనే దవడ విరిగిన సందర్భాలు చూశాను. పై కోరపంటి వేరు పొడుగ్గా ముక్కు దాకా పోతుంది, అక్కడ చీము పడితే తిన్నప్పుడల్లా తుమ్ములు, ఒక ముక్కు రంధ్రం నుంచి చీమిడి వస్తాయి. ఇంట్లోవాళ్లు జలుబనుకొని నెలల తరబడి మందులు పోస్తుంటారు.

"తింటోంది కదా, నొప్పి ఉంటే తినదు కదా" అంటారు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. కుక్క నొప్పితోనే తింటుంది, నమలకుండా మింగేస్తుంది. అది ఏడవదు. ఒకవైపే నమలడం, మెతుకులు కింద పడేయడం, ఆడుకునే బంతి మీద రక్తపు చార, మూతి ముట్టుకోబోతే తల పక్కకు తిప్పుకోవడం, ఇవే దాని కేకలు. పెబ్బేరు సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూడనిదే బేరానికి రాడు, గొర్రె అయితే రెండు పళ్లదా నాలుగు పళ్లదా అని వేలు పెట్టి మరీ లెక్కేస్తాడు. ఆ మనిషే ఇంట్లో పదేళ్లుగా ఉన్న కుక్క పై పెదవి ఒక్కసారి కూడా ఎత్తి చూసి ఉండడు.

అమ్మ భయం సంగతికొద్దాం. మత్తు అంటే భయపడటం సహజమే, ప్రమాదం అసలే లేదని నేను చెప్పను. కానీ మత్తు లేకుండా ఈ పని సగం కూడా కాదు. మెలకువగా ఉన్న కుక్కకు పైపైన గార గీకేసి తెల్లగా చేసి పంపే గ్రూమింగ్ షాపులున్నాయి, ఫోటోకు బాగుంటుంది, చిగురు కింద ఉన్నది అక్కడే ఉంటుంది. పైగా ఆ గీకుడు పంటిని గరుకు చేస్తుంది, కొత్త పాచి ఇంకా తొందరగా పట్టుకుంటుంది. చాకుతో, స్క్రూడ్రైవర్‌తో ఇంట్లోనే పెకిలించేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు నేనేం చెప్పను.

సరిగ్గా చేసే చోట ఆ రోజు ఎలా గడుస్తుందో చెప్తా, అమ్మకు చదివి వినిపించు. ముందే రక్తం తీసి కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయో చూస్తారు, గుండె వింటారు. ఆరేళ్లు దాటిన చిన్న కుక్కల్లో గుండె కవాటం లీకేజీ ఉండే అవకాశం ఉంది, అది ముందే తెలిస్తే మత్తు ఇచ్చే తీరు మారుస్తారు. దగ్గు, ఆయాసం, పరుగెత్తి కూలబడటం లాంటివి ఎప్పుడైనా జరిగి ఉంటే దాచకుండా చెప్పండి. ముందు రోజు రాత్రి తిండి పెట్టి తర్వాత ఆపేస్తారు, నీళ్లు ఎప్పటిదాకా ఇవ్వాలో డాక్టరే చెప్తారు. పొద్దున ముందరి కాలికి సెలైన్ సూది పెట్టి మత్తు ఎక్కించి, గొంతులోంచి గాలి గొట్టంలోకి ట్యూబ్ వేస్తారు. ఈ ట్యూబ్ ముఖ్యం. స్కేలర్ అనే యంత్రం కొస సెకనుకు వేల సార్లు కంపిస్తూ నీళ్లు చిమ్ముతూ గారను పగలగొడుతుంది, ట్యూబ్ లేకపోతే క్రిములతో నిండిన ఆ మురికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. తర్వాత సన్నటి గీతల పుల్ల లాంటి పరికరంతో ఒక్కో పంటి చుట్టూ చిగురు సందు ఎంత లోతుందో కొలుస్తారు, ఎక్స్‌రే ఉన్నచోట వేర్లు చూస్తారు, వదులైన పళ్లు తీసేస్తారు, చివర్లో పాలిష్ చేస్తారు. పాలిష్ ఎగ్గొట్టే చోటికి పోవద్దు. చిన్న కుక్క ఒళ్లు తొందరగా చల్లబడుతుంది, కాబట్టి కింద వెచ్చగా ఏదైనా వేశారా లేదా అన్నది కూడా ఆ దవాఖాన ఎలాంటిదో చెప్పేస్తుంది.

మామూలుగా సాయంత్రానికి ఇంటికొస్తుంది, ఆ రాత్రంతా తూలుతూ ఉంటుంది, మెత్తటి తిండి కొంచెం పెట్టాలి. డాక్టర్‌ని మొహమాటం లేకుండా అడుగు: ట్యూబ్ వేస్తారా, మత్తులో ఉన్నంతసేపూ గుండె, ఊపిరి ఎవరు చూస్తుంటారు, రక్తపరీక్ష చేస్తారా. ఈ మూడింటికీ సూటిగా జవాబిచ్చే చోట చేయించు. దగ్గర్లో ఆ ఏర్పాటు లేకపోతే హైదరాబాద్ తీసుకుపోవచ్చు, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలోనూ, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలలోనూ కుక్కలను చూస్తారు. పోయే ముందు ఫోన్ చేసి పళ్ల క్లీనింగ్ ఏ రోజుల్లో చేస్తున్నారో కనుక్కో. ఖర్చు వేలల్లోనే ఉంటుంది, పళ్లు తీయాల్సి వస్తే ఇంకా పెరుగుతుంది. పళ్లు తీసేస్తే ఎట్లా తింటుంది అని టెన్షన్ పడకు, నొప్పి పన్ను పోయిన కుక్క చిగుళ్లతోనే హాయిగా తింటుంది, వారం తిరక్కుండా ఇంట్లో వాళ్లే "ఇన్నాళ్లూ ఇంత హుషారు ఎక్కడ దాచింది" అంటారు.

ఉప్పు, బొగ్గు ఎందుకు వద్దన్నానంటే, బొగ్గుపొడి ఎనామిల్‌ని గీకేస్తుంది, ఉప్పు అది ఉమ్మదు, మింగేస్తుంది. నిమ్మకాయ పులుపు పంటిని తినేస్తుంది. మన టూత్‌పేస్టు అయితే ఇంకా అన్యాయం, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, నురుగు వచ్చే రసాయనం ఉంటుంది, కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. జైలిటాల్ కుక్క కడుపులో పడితే గంట లోపే రక్తంలో చక్కెర పడిపోయి కుప్పకూలొచ్చు, లివర్ కూడా పోవచ్చు. ఫ్లోరైడ్ నీళ్ల గురించి ఇంత భయపడే జిల్లాలో రోజూ ఫ్లోరైడ్ పేస్టు మింగించడమేంటి చెప్పు. నొప్పి తగ్గుతుందని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ తెచ్చి వేయకు, కుక్కకు కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకం 2006లోనే నిషేధించారు, అది ఆ పశువుల కళేబరాలు తిని చచ్చిపోతున్న రాబందుల కోసం, కానీ ఇళ్లల్లో మనుషుల మాత్ర కుక్కకు వేయడం మాత్రం ఆగలేదు. పిల్లి ఉన్నవాళ్లకు ఒక్క మాట, పారాసిటమాల్ ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోతుంది. లవంగ నూనె కూడా దానికి విషమే.

క్లీనింగ్ అయ్యాక అసలు పని నీది. డాక్టర్ చిగుళ్లు మానాయని చెప్పాక బ్రష్ మొదలుపెట్టు, గారతో, నొప్పితో ఉన్న నోట్లో ఇప్పుడే మొదలుపెడితే బ్రష్ అంటేనే పగ పెంచుకుంటుంది. మొదటి వారం బ్రష్ అసలు తీయకు. ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన కోడి నీళ్లలో వేలు ముంచి నాకనివ్వు, నాకుతుండగా పై పెదవి కొంచెం ఎత్తి పళ్ల మీద ఒక్కసారి రాయి, వదిలేయ్. తర్వాత వేలికి తడి గాజుగుడ్డ చుట్టుకో. అది అలవాటయ్యాక చిన్నపిల్లల మెత్తటి బ్రష్. నోరు తెరిపించాల్సిన పనే లేదు, ఇది చాలామందికి తెలీదు. మూతి మూసే ఉంచి, పెదవి వెనక్కి లాగి, చెంప వైపు ఉన్న పళ్లు రుద్దితే చాలు, లోపలి వైపు దాని నాలుకే చూసుకుంటుంది. బ్రష్‌ని చిగురు అంచు మీదికి ఏటవాలుగా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టు, ముందు ఆ వెనక పెద్ద పంటి దగ్గరే మొదలుపెట్టు, ఎందుకంటే ఓపిక అయిపోయేది ముందు బన్నీకే. ఒక్కో వైపు అర నిమిషం చాలు. కుక్కల పేస్టు కోడి రుచితో వస్తుంది, దొరకకపోతే ఉత్త నీళ్లతో రుద్దినా సరే, పని చేసేది రాపిడి.

రోజూ చేయాలి. కుదరకపోతే రోజు విడిచి రోజు. పాచి గారగా మారేది రెండు మూడు రోజుల్లో అని చెప్పా కదా, కాబట్టి ఆదివారం ఆదివారం బ్రష్ చేయడం నీ తృప్తికే గానీ బన్నీకి ఒరిగేదేమీ లేదు. నమిలే స్టిక్‌లు కొంత సాయం చేస్తాయి, బ్రష్‌కు బదులు కావు, వాటితో లావెక్కుతుంది కూడా. పెరుగన్నం మానేసి షాపులో దొరికే పొడి గింజల తిండి పెడితే పళ్లు వాటంతటవే శుభ్రపడతాయన్న మాట కూడా నమ్మకు, మామూలు గింజలు పన్ను తగలగానే పగిలిపోతాయి, చిగురు అంచు దాకా రుద్దవు.

బొక్కల గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. యాటకూర వండిన రోజు నల్లి బొక్క కుక్కకు వేయడం మనకు ఆనవాయితీ, "పళ్లు శుభ్రమవుతాయి, బలం కూడా" అంటారు. జడ్చర్ల వైపు నుంచి ఒక రైతు తన కాపలా కుక్కను తెచ్చేవాడు, కుడి కంటి కింద వాపు, పగిలి చీము కారుతుంది, ఇంజెక్షన్లు వేస్తే మానుతుంది, రెండు నెలలకు మళ్లీ అదే చోట. కంటికి ఏదో గుచ్చుకుందని పసుపు పెట్టి, చుక్కలు వేసి, అన్నీ అయ్యాయి. పై పెదవి ఎత్తి చూస్తే ఆ పెద్ద నమిలే పన్ను నిలువునా చెక్క లేచిపోయి ఉంది, మధ్యలో నల్లటి చుక్క, అంటే లోపలి నరం బయటపడి చచ్చిపోయింది. ఆ పంటికి మూడు వేర్లు, వాటి కొసలు సరిగ్గా కంటి కిందికి వస్తాయి, చీము దారి చేసుకొని బయటపడేది అక్కడే. ఆ పన్ను తీశాక ఇక వాపు రాలేదు. బొక్క కొరికేటప్పుడు ఎక్కువగా విరిగేది ఈ పన్నే. ఉడికిన కోడి బొక్క అయితే సూదుల్లా చీలి పేగులకు గుచ్చుకుంటుంది. నీ బొటనవేలి గోరు నొక్కితే దిగనంత గట్టిగా ఉన్న దేన్నీ నమలడానికి ఇవ్వకు, పెట్ షాపులో అమ్మే కొమ్ములు, గిట్టలు కూడా అందులోకే వస్తాయి.

కుక్కపిల్లను పెంచుతున్నవాళ్లు ఆరు ఏడు నెలలప్పుడు ఒకసారి కోరపళ్లు చూడండి. పాల కోర ఊడకుండా దాని పక్కనే కొత్త కోర జంటగా నిలబడి ఉంటే డాక్టర్‌కు చూపించి పాల పన్ను తీయించాలి, ఆ ఇరుకులో గార కూరుకుపోతుంది. పిల్లుల సంగతి వేరే రాయాలి, చిగురు అంచున ఎర్రటి గీత కనిపించినా, తింటూ తింటూ అరిచి పారిపోయినా ఇంటి వైద్యం ఏదీ పనికిరాదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఒక హెచ్చరిక, ఇది బన్నీ కోసం కాదు, చదివే అందరి కోసం. కుక్క నోరు మూయలేక దవడ వేలాడేసి చొంగ కారుస్తుంటే, గొంతు మారితే, నీళ్లు మింగలేకపోతే "బొక్క ఇరుక్కుంది" అనుకొని నోట్లో చెయ్యి పెట్టకండి. అది రేబిస్ కావచ్చు. కరవకపోయినా చేతి మీది చిన్న గీత మీద చొంగ పడితే చాలు. పడితే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ప్రభుత్వ దవాఖానకు వెళ్లి టీకా వేయించుకోండి. టీకాలు సక్రమంగా పడని కుక్క నోట్లో బ్రష్ పెట్టే పని కూడా పెట్టుకోవద్దు, ముందు టీకా.

ఇక తమ్ముడూ, ఈ వారం నువ్వు చేయాల్సింది: రక్తపరీక్షకు తీసుకుపో, తేదీ తీసుకో. అప్పటిదాకా రొట్టె నానబెట్టి పెట్టు, నీళ్ల గిన్నె రోజూ కడుగు, సొంతంగా యాంటీబయాటిక్ మొదలుపెట్టకు. ముఖం వాచినా, నోట్లోంచి రక్తం ఆగకుండా వచ్చినా తేదీ కోసం ఆగకుండా తీసుకెళ్లిపో. క్లీనింగ్ అయ్యాక ఏ ఏ పళ్లు తీశారో, ఏ పంటి చుట్టూ ఎంత లోతు ఉందో కాగితం మీద రాయించుకో, వచ్చే ఏడు చూపించేటప్పుడు ఎవరికి చూపించినా ముందు అడిగేది ఆ కాగితమే.